‘ఎవరు చేశారు?’ అను ప్రశ్న



వానలు పడి నాట్లు మొదలయ్యే రోజులలో ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఒక మాట తరచుగా కనబడుతుంది. "అయ్యగారూ, మా ఇంటిమీద ఎవరో ఏదో చేయించారు, ప్రార్థన చేయండి" అని. గేదె ఉన్నట్టుండి పాలివ్వడం మానేసింది. పిల్లవాడు రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నాడు. కోడలికి రెండుసార్లు కడుపు నిలువలేదు. తెల్లవారి తలుపు తీస్తే గుమ్మంలో పసుపు పూసిన నిమ్మకాయ ఉంది. తెలంగాణ వైపువారు దీనిని బాణామతి అంటారు, గోదావరి, విశాఖ వైపువారు చిల్లంగి అంటారు, చేతబడి అంటే అందరికీ తెలుసు. ఈ ఉత్తరాలు వ్రాసేవారు మన సంఘస్థులే. బాప్తిస్మము పొందినవారు, ప్రభువు బల్లలో చెయ్యి వేసేవారు. వారు అడిగేది రెండు సంగతులు. ఆ శక్తి నిజమేనా? నిజమైతే దేవుని శక్తి దానికంటె పెద్దదేనా?

రెండవదానికి జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చును. పెద్దదే. సందేహము లేదు. కాని ఆ ప్రశ్న అడిగే తీరులోనే ఒక చిక్కు ఉన్నది. జాతరలో ఇద్దరు పహిల్వానులు కుస్తీపడుతుంటే ఎవరు గెలుస్తారా అని గట్టుమీద నిలబడి చూచినట్టు అడుగుతాము. మంత్రగాని శక్తి ఐదు మణుగులు, దేవుని శక్తి పది మణుగులు అన్నట్టు. పరిశుద్ధ గ్రంథము ఈ రెంటినీ ఒకే తక్కెడలో వేసి తూచదు. అవి రెండు వేరు జాతుల సంగతులు. ఆ తేడా తెలిసికొంటే మన భయము చాలావరకు దానంతట అదే పోతుంది.

ఐగుప్తు సంగతి చూడండి. నిర్గమకాండము 7, 8 అధ్యాయాలు మనలో చాలామందికి కంఠస్థమే. అహరోను కర్ర పడవేస్తే సర్పమైంది, ఫరో పిలిపించిన మాంత్రికులు కూడా ఆ పని చేశారు. ఏటినీళ్ళు రక్తమయ్యాయి, వాళ్ళూ చేశారు. కప్పలు వచ్చాయి, వాళ్ళూ రప్పించారు. సండేస్కూలులో ఈ పాఠము చెప్పినప్పుడు పిల్లలు ఇక్కడ పకపక నవ్వుతారు, పెద్దలకు నవ్వు రాదు. పిల్లలదే సరి అని మాకు తోస్తుంది. దేశమంతా కప్పలు, పడకలమీద కప్పలు, పొయ్యిలలో కప్పలు, పిండి పిసికే తొట్లలో కప్పలు. అప్పుడు ఫరోకు కావలసింది ఇంకొన్ని కప్పలా? మాంత్రికులు చేయగలిగింది అదొక్కటే. ఉన్న కప్పలకు మరికొన్ని కలిపారు. ఒక్క కప్పను తీసివేయడం వారివల్ల కాలేదు. అందుకే రాజు సొంత మాంత్రికులను ప్రక్కనపెట్టి మోషేను పిలిపించి, వీటిని తొలగించుమని మీ దేవుని వేడుకొనండి అని అడగవలసి వచ్చింది. తరువాత పేల తెగులు దగ్గర వారు చేతులెత్తివేశారు. దద్దుర్లు వచ్చేసరికి మోషే ఎదుట నిలువలేకపోయారు, ఎందుకంటే వారి ఒంటిమీద కూడా అవే లేచాయి.

మన ఊళ్ళలో జరిగేది కూడా ఇదే. బిడ్డకు జ్వరము తగ్గలేదని తండ్రి మంత్రగాని దగ్గరకు, సోదె చెప్పేదాని దగ్గరకు వెళ్తాడు. అంజనము వేయిస్తాడు. తిరిగి వచ్చేటప్పుడు అతనికి ఏమి దొరికింది? జ్వరము అట్లాగే ఉన్నది. చేతిలో ఉన్న డబ్బు, దొడ్లో ఉన్న మేకపోతు పోయాయి. పైగా "నీకు తూర్పు దిక్కున ఉన్న ఇంటివారు, నీ రక్తసంబంధులే" అన్న ఒక మాట చెవిలో పడింది. వెళ్ళేటప్పుడు ఒక కష్టముతో వెళ్ళినవాడు ఒక కష్టము, ఒక పగ రెండూ పట్టుకొని ఇల్లు చేరాడు. కప్పలు రెట్టింపు అయ్యాయి.

ఇక మొదటి ప్రశ్న, ఆ శక్తి నిజమేనా అన్నది. మంత్రగాడు చూపించే వింతలలో చాలావాటికి మంత్రముతో పనిలేదు. కత్తికి మందారపూలు రుద్ది ఆరబెట్టి నిమ్మకాయ కోస్తే ఎర్రని రసము కారుతుంది. పసుపు, సున్నము కలిపిన నీళ్ళు ఎర్రబడటము దిష్టి తీసే ప్రతి అమ్మకూ తెలిసిందే. దానినే మంత్రగాడు చేస్తే నెత్తురు అంటాము. దండెముమీది బట్టలు వాటంతట అవే అంటుకొనడము వెనుక తరచుగా భాస్వరము ఉంటుంది, తడి ఆరగానే అది గాలికి మండుతుంది. ఇవి హైస్కూలు సైన్సు మాస్టరుగారు చేసి చూపగలరు, అడిగి చూడండి.

అయితే అంతా కనికట్టే, దురాత్మలు అనేవి లేనే లేవు అని మేము చెప్పడము లేదు. బైబిలు అట్లా చెప్పదు. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము సోదె, శకునము, మంత్రము, చనిపోయినవారిని అడగడము అన్నిటినీ ఒక వరుసలో పెట్టి దేవుని ప్రజలు వాటి జోలికి పోగూడదని ఆజ్ఞాపిస్తుంది. భయపడుమని కాదు, విడిచిపెట్టుమని. సువార్తలలో మరొక సంగతి గమనించాలి. మత్తయి 4వ అధ్యాయము చివర ప్రభువు దగ్గరకు తీసికొని వచ్చినవారి పట్టీ ఉన్నది. అందులో దయ్యము పట్టినవారు వేరు, మూర్ఛరోగులు వేరు, పక్షవాతము గలవారు వేరు. సువార్తికుడు వారిని కలిపివేయలేదు. మూర్ఛ వచ్చిన ప్రతివానికీ దయ్యము పట్టిందని మనము అంటే బైబిలుకంటె ఎక్కువ చెప్పినట్టు అవుతుంది. ఆ బిడ్డ రోజూ వేసుకొనవలసిన మాత్రలు ఆగిపోతాయి.

ఇప్పుడు ఎఫెసు పట్టణమునకు వెళ్దాము. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయము. ఆ రోజులలో మంత్రాలకు ఆ ఊరు పెట్టింది పేరు. అర్తెమిదేవి గుడి ఎంత ప్రసిద్ధమో ‘ఎఫెసు అక్షరములు’ అన్నవి కూడా అంత ప్రసిద్ధము. అవి ఆరు మాటలు, ఎవరికీ అర్థము తెలియదు. వాటిని వ్రాసి ఒంటికి కట్టుకొంటే ఏ కీడూ తగలదని జనము నమ్మేవారు. మన రక్షరేకు వంటిదే. పాత గ్రీకు పుస్తకాలలో ఒక కథ ఉన్నది. ఎఫెసు మల్లుడొకడు ఒలింపియా పోటీలలో ఎవరికీ ఓడకుండా గెలుస్తూ పోయాడట. చీలమండకు ఆ అక్షరాలు కట్టుకొన్నాడని కనిపెట్టి ఊడదీశారట. అంతే, ఆ ఎదుటి మల్లుడు వానిని ముప్పైసార్లు పడగొట్టాడట. కథ నిజమో కాదో గాని, తాయెత్తు కట్టుకొన్నవాని మనసు ఎట్లా ఉంటుందో అది బాగా చెప్తుంది. వాని బలమంతా ఆ దారములోకి పోయింది. దారము పోతే వాడూ పోయాడు.

అటువంటి ఊరిలో పౌలు రెండేండ్లకు పైగా వాక్యము చెప్పాడు. దేవుడు అద్భుతములు చేశాడు. అది చూచి స్కెవ అనే యూదు ప్రధానయాజకుని కుమారులు ఏడుగురు, ఇదేదో బాగా పనిచేసే మంత్రము అనుకొన్నారు. పౌలు ప్రకటించే యేసు పేరట వెళ్ళిపొమ్మని ఒక దయ్యమును గద్దించారు. దయ్యము ఏమన్నదో మీకు తెలుసు. యేసు తెలుసు, పౌలు తెలుసు, మీరెవరు అన్నది. ఆ మనుష్యుడు ఎగిరి ఏడుగురినీ కొట్టి బట్టలు చింపి తరిమాడు. వారు పలికిన పేరు సరియైనదే. ఒక్క అక్షరము కూడా తప్పు పలుకలేదు. మంత్రమైతే పనిచేయవలసిందే. యేసు నామము మంత్రము కాదు గనుక పనిచేయలేదు. పిలిచినవారికి ఆయనతో పరిచయము లేదు.

ఆ తరువాత జరిగినది ఇంకా ఆలోచింపజేస్తుంది. ఊరివారికి భయము కలిగింది. విశ్వసించినవారిలో అనేకులు వచ్చి తాము చేసినవి ఒప్పుకొన్నారు. విశ్వసించినవారిలో! అంటే అప్పటికే సంఘములో ఉండి, పౌలు ప్రసంగాలు వింటూ, ఇంటి దూలముమీద మంత్రపు పుస్తకము దాచుకొన్నవారు ఉన్నారన్నమాట. ఆ పుస్తకాలు తెచ్చి అందరి ఎదుట కాల్చారు. వెల లెక్కవేస్తే యాబది వేల వెండి నాణెములు అయింది. ఆ రోజులలో ఒక వెండి నాణెము ఇంచుమించు ఒక కూలివాని రోజుకూలి. ఏడాదికి 300 రోజులు పని దొరికిన మనిషి ఆ సొమ్ము సంపాదించాలంటే 166 ఏండ్లకు పైగా పడుతుంది. ఎవరికైనా అమ్ముకొని ఆ డబ్బు కానుకపెట్టెలో వేయవచ్చును గదా అని ఏ కోశాధికారి అయినా అనుకొని ఉంటాడు. వారు అట్లా చేయలేదు. తమకు వద్దన్న విషమును పొరుగువానికి అమ్మలేదు.

మన ఇళ్ళ సంగతి? దూలముమీద పుస్తకము ఉండకపోవచ్చును. మొలత్రాటికి రేకు ఉంటుంది. అది తీసివేసిన ఇంట్లో కూడా మరొకటి చేరింది. దిండు క్రింద బైబిలు పెట్టుకొంటే పీడకల రాదని పెట్టుకొనడము, చదవడానికి మాత్రము తీయకపోవడము. ఇంటి నలుమూలలా చల్లడానికి ప్రార్థన నూనె సీసా కొనడము. యాకోబు పత్రిక 5వ అధ్యాయములో సంఘపెద్దలు రోగికి నూనె రాచి ప్రార్థన చేయాలని ఉన్నది, దానిని మేము కాదనము. అక్కడ నూనెకు ధర లేదు. పెద్దలు రోగి ఇంటికి నడిచి వెళ్ళారు. ఇక్కడ సీసాకు ధర ఉన్నది, చిన్న సీసాకు ఒకటి, పెద్దదానికి ఒకటి. సమరయలో గారడీ చేసే సీమోను అపొస్తలుల ఎదుట డబ్బు పెట్టి ఆ అధికారము తనకూ అమ్మమన్నాడు. పేతురు అతనిని ఎంత గట్టిగా గద్దించాడో 8వ అధ్యాయములో చదవండి. కొనేది, అమ్మేది, పుచ్చుకొన్నవాని చెప్పుచేతలలో నడిచేది దేవుని శక్తి కాదు.

తేడా ఇక్కడే ఉన్నది. మంత్రములో ‘కాకపోయినా’ అన్న మాటకు చోటు లేదు. లెక్క తప్పకుండా చదివితే జరిగి తీరాలి, జరగకపోతే ఇంకొక కోడి. షద్రకు, మేషాకు, అబేద్నెగో మండే గుండము ఎదుట నిలబడి, మా దేవుడు రక్షించగలడు, రక్షింపకపోయినా సరే నీ ప్రతిమకు మ్రొక్కము అన్నారు. పౌలు తన శరీరములోని ముల్లు తీసివేయుమని మూడుసార్లు వేడుకొన్నాడు. ముల్లు పోలేదు, కృప వచ్చింది. ఎఫెసులో అన్ని అద్భుతములు చూచిన పౌలే ఇతడు. దేవుని మనము అడుగుతాము, ఆజ్ఞాపించము. తండ్రి దగ్గర బిడ్డ ఎట్లా అడుగుతాడో అట్లా. ఆయన శక్తి మన చేతిలోకి రాదు. మనమే ఆయన చేతిలో ఉన్నాము.

ఇప్పుడు ఈ వ్యాసమునకు పేరుగా పెట్టిన ప్రశ్న దగ్గరకు వస్తున్నాము. "ఎవరు చేశారు?" యోహాను 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగింది కూడా ఇంచుమించు ఇదే. ఎవరి పాపము, వీనిదా, వీని కన్నవారిదా అని. ప్రభువు ఇద్దరిలో ఒకరిని ఎంచి చెప్పలేదు. ఆ ప్రశ్ననే త్రోసివేశాడు. ఉమ్మి నేలమీద వేసి బురద చేసి వాని కన్నులకు పూసి కోనేటికి పంపాడు. ఎవరు చేశారన్నది వదలి, ఇప్పుడు ఏమి చేయాలన్నది పట్టుకొన్నాడు.

‘ఎవరు చేశారు’ అన్నదాని వెంట పోతే ప్రాణాలే పోతాయి. నాట్ల రోజులే గనుక ఒక్క సంగతి వివరముగా వ్రాస్తాము, దయచేసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. మనుష్యుడు రాత్రి బాగానే అన్నము తిని క్రింద చాపవేసుకొని పడుకొన్నాడు. తెల్లవారుజామున కడుపులో నొప్పి అన్నాడు, వాంతి చేసికొన్నాడు. కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తున్నది, మ్రింగలేకపోతున్నాడు. ఒంటిమీద గాయము లేదు, వాపు లేదు. ఇంటివారు ఏమంటారు? గాలి సోకింది, ఎవరో ప్రయోగము చేశారు అంటారు. ఇది చాలాసార్లు కట్లపాము కాటు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద నిద్రపోతున్నవారిని కరుస్తుంది. దాని కోరలు సన్నము, కాటు వేసిన గుర్తు దాదాపు కనబడదు, నొప్పి కూడా అంతంతే. విషము నరాలమీద పనిచేసి చివరకు ఊపిరి ఆడనివ్వదు. మన దేశములో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర ఈ నాలుగింటి విషమునకూ ఒకే విరుగుడు ఇంజెక్షను ఉన్నది, ప్రభుత్వ ఆసుపత్రులలో ఇస్తారు. ఊపిరి అందనివారికి అక్కడ యంత్రముతో ఊపిరి అందిస్తారు. మంత్రము వేయించుకొని బ్రతికాడని చెప్పుకొనే మాటలు ఎట్లా వచ్చాయి అంటే, కరచిన పాములలో చాలా విషములేనివి. విషసర్పము కూడా ప్రతి కాటులోనూ విషము వదలదు. ఆ పేరు మంత్రగానికి పోతుంది. నిజముగా విషము ఎక్కినవాడు అతని అరుగుమీద గంటలు గంటలు పడి ఉంటాడు. అటువంటప్పుడు 108కు ఫోను చేయడము, లేదా దొరికిన బండిమీద ఆసుపత్రికి చేర్చడము విశ్వాసము తక్కువైనవారి పని కాదు. దారిలో ప్రార్థన చేయండి. మంచముమీద పడుకొని, దోమతెర అంచులు పరుపు క్రిందకు దోపుకొంటే ఆ కాటే చాలావరకు తప్పుతుంది.

పాము అంటే మెలితే ద్వీపము గుర్తు వస్తుంది. ఓడ బద్దలై ఒడ్డుకు చేరిన పౌలు పుల్లలు ఏరి మంటలో వేస్తుంటే సర్పము చెయ్యి పట్టుకొన్నది. ఆ ద్వీపవాసులు మంచివారు, చలిమంట వేసి ఆదరించినవారు. అయినా వెంటనే వీడు హంతకుడు అన్నారు. కాసేపటికి అతనికి ఏమీ కాకపోయేసరికి, వీడు దేవుడు అన్నారు. పౌలు హంతకుడూ కాదు, దేవుడూ కాదు. గుంపు మనసు ఎంత వేగముగా తిరుగుతుందో చూడండి. ఆనాడు ఆ పాము విషము పౌలుకు ఎక్కి ఉంటే, మెలితేవారు మంచివారే అయినా, హంతకుడన్న ముద్రతోనే అతనిని పూడ్చిపెట్టేవారు.

ఇది చదువురానివారి సంగతి, క్రైస్తవులకు అంటదు అనుకొనవద్దు. బైబిలు చేతబట్టుకొన్నవారే చేసిన ఒక ఘోరము ఉన్నది. అమెరికాలో మసాచుసెట్స్ అప్పుడు ఇంగ్లీషువారి వలస. అక్కడ సేలము అనే గ్రామము (తమిళనాడు సేలము కాదు). 1692లో ఆ ఊరి పాదిరిగారి ఇంటిలోనే ఇద్దరు ఆడపిల్లలకు మూర్ఛల వంటివి వచ్చాయి. వైద్యునికి రోగము ఏమిటో తెలియలేదు, ఎవరో మంత్రము పెట్టారన్నాడు. ఎవరు చేశారు అన్న ప్రశ్న బయలుదేరింది. పిల్లలను గ్రుచ్చి గ్రుచ్చి అడిగారు. మొదట పేర్లు వచ్చింది ఎవరివి? ఒక బానిస స్త్రీ, ఇంటింటికీ అడుక్కొనే మరొక స్త్రీ, జబ్బుతో గుడికి రాలేని ఇంకొకామె. ఊరిలో ఎదురుచెప్పే దిక్కులేనివారివి. అక్కడినుండి అది సంఘములోకి పాకింది. రెబెకా నర్స్ అనే 71 ఏండ్ల అవ్వ, అందరూ భక్తురాలని ఎంచినామె, ఆమె పేరు కూడా వచ్చింది. ఆమె రూపము వచ్చి తమను బాధిస్తున్నదని పిల్లలు చెప్పారు, ఇతరులకు కనబడని రూపము. పొరుగువారు ఆమె మంచిదని సంతకాలు చేసి ఇచ్చారు. జూరీవారు మొదట నిర్దోషి అన్నారు, మళ్ళీ ఆలోచించుమని పంపితే, ఒక ప్రశ్నకు ఆమె జవాబు చెప్పలేదన్న కారణముతో మాట మార్చారు. ఆమెకు సరిగా చెవులు వినబడవు. సంఘము ఆమెను వెలివేసింది, జూలై 19న ఉరితీశారు. ఆ ఏడు మొత్తము 19 మందిని ఉరితీశారు, ఒక వృద్ధుని రాళ్ళ బరువు క్రింద నలిపి చంపారు.

మంత్రగత్తెను బ్రతుకనియ్యరాదని నిర్గమకాండములో ఉన్నది గదా అని వారు అన్నారు. అదే ధర్మశాస్త్రము ఇద్దరు ముగ్గురు సాక్షులు లేక ఎవరినీ చంపకూడదని కూడా ఆజ్ఞాపించింది. కలలో కనబడింది, నీడ కనబడింది అన్నది సాక్ష్యము కాదు. ఆ న్యాయాధిపతులలో ఒకరైన శామ్యూల్ సూయల్ 1697లో బోస్టను గుడిలో అందరి ఎదుట లేచి నిలబడ్డాడు. ఆయన వ్రాసి ఇచ్చిన ఒప్పుకోలును పాదిరిగారు చదివారు. నేరము మోపిన పిల్లలలో ఆన్ పట్నమ్ అనే అమ్మాయికి అప్పుడు పన్నెండేండ్లు. 1706లో ఆమె సంఘములో చేరవచ్చి తన ఒప్పుకోలు చదివించింది. నిర్దోషులమీద నేను నేరము మోపాను, ఆ దినములలో సాతాను నన్ను మోసపుచ్చాడు అన్నది ఆమె మాటల భావము. 1712లో సంఘము ఆ అవ్వమీది వెలిని కొట్టివేసింది. అప్పటికి ఆమె చనిపోయి ఇరువదేండ్లు.

ఆ అమ్మాయి చెప్పిన సంగతి మన బైబిలులో ఒక్క మాటలో ఉన్నది. సాతానుకు మన తెలుగు బైబిలు వాడిన పేరు ‘అపవాది’. అపవాదు వేసేవాడు. సేలములో సాతాను పనిచేయలేదా? చేశాడు. ఉరికంబము ఎక్కిన అవ్వలో కాదు, ఆమెమీదకు చాపిన వ్రేళ్ళలో. మన వీధిలో చేతబడి నిజముగా ఉన్నదా అని అడిగేవారికి మేము చెప్పేది ఇదే: ఆ గుమ్మములో పడిన నిమ్మకాయ దగ్గర వెదకవద్దు, దానిని చూచి మీరు ఎవరి ఇంటివైపు తలత్రిప్పారో అక్కడ వెదకండి.

ప్రభువు మీద కూడా ఈ అపవాదు పడిందని మనము తరచుగా మరచిపోతాము. గ్రుడ్డివాడూ మూగవాడూ అయిన ఒకనిని ఆయన బాగుచేస్తే, పరిసయ్యులు ఒప్పుకొన్నారా? బయెల్జెబూలువలన దయ్యములను వెళ్ళగొడుతున్నాడు అన్నారు. అంటే, వీడు మంత్రగాడు అన్నారు. సమరయుడవు, దయ్యము పట్టినవాడవు అని కూడా అన్నారు. ఊరి బయటకు తీసికొనిపోయి చంపబడినవాని పేరట మనము కూడుకొంటున్నాము. చేతబడి చేస్తుందని ఒక విధవరాలిని గుంజకు కట్టివేస్తే ఆయన ఏ ప్రక్క ఉంటాడో మనము వేరే అడగనక్కరలేదు.

ఇది పాత కాలపు మాట కాదు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణములో, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానముతో ఒక తండ్రిని, ఆయన ఇద్దరు కుమారులను కులసంఘ సమావేశములో అందరి ఎదుట పొడిచి చంపారు. మంత్రము పలుకకుండా పళ్ళు ఊడగొట్టడము, పెట్రోలు పోయడము మన పత్రికలలో ఎన్నిసార్లు వచ్చిందో చదివేవారికి తెలుసు. దేశములో జరిగే హత్యల కారణాలను ప్రభుత్వము ఏటా లెక్కకట్టే పట్టికలో మంత్రవిద్య అనుమానమునకు ఒక గడియే వేరుగా ఉన్నది.

అందుచేత మన సంఘాలలోని సేవకులకు, స్త్రీల సమాజము అమ్మగార్లకు ఒక మనవి. ఉపవాస కూటములలో ఎవరైనా లేచి "మీ ఇంటికి దగ్గరివారే చేయించారు, ప్రభువు నాకు చూపించాడు" అని ప్రవచనము చెప్తే దయచేసి అక్కడే ఆపండి. అది అంజనమే, పేరు మారింది. అడిగిన కుటుంబము కోసము ప్రార్థన చేయండి, శత్రువు పేరు చూపుమని మాత్రము ప్రార్థన చేయవద్దు. జ్వరము ఎన్ని రోజులనుండి ఉన్నది, ఏ డాక్టరుకు చూపించారు, గేదెను పశువైద్యునికి చూపించారా, కోడలిని పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవడానికి ఛార్జీలు ఉన్నాయా అని అడగండి. ఛార్జీలు లేకపోతే కానుకపెట్టె ఉన్నది గదా.

ఊరిలో ఒకరిమీద ఆ మాట పుట్టిందని వింటే ఆలస్యము చేయవద్దు. గుంపు కూడేటట్టు ఉంటే పోలీసులకు చెప్పండి, సర్పంచిగారికి చెప్పండి. అంతవరకు రాకముందే, పెద్దలు ఇద్దరు ముగ్గురు కలిసి ఆమె ఇంటికి వెళ్ళండి. సాధారణముగా అది ఊరి చివరనే ఉంటుంది. చీకటిపడ్డాక వెళ్ళవద్దు, పట్టపగలు, వీధిలో మనుష్యులు తిరిగే వేళలో వెళ్ళండి. అరుగుమీద కూర్చొని మాటలాడండి. ఆమె లోపలికి వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెస్తుంది. అందరూ చూస్తుండగా ఆ నీళ్ళు త్రాగండి.